మహిళా లారీ డ్రైవర్లు: తీసుకోవడం, నేర్పడం, నిలబెట్టుకోవడం. ట్రాన్స్‌పోర్ట్ యజమానులకు సమగ్ర మార్గదర్శి

"డ్రైవర్లు దొరకట్లేదు, ఆడవాళ్లను పెట్టుకుందామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఐదు బండ్లున్నవాళ్లూ యాభై బండ్లున్నవాళ్లూ అడుగుతున్న ప్రశ్న ఇదే. చాలామంది పోస్టర్‌తో మొదలుపెడతారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. పోస్టర్ చూసి ఇద్దరు చేరతారు, రెండో నెలలో మానేస్తారు. "ఆడవాళ్లు ఈ పనికి నిలబడరండీ" అని యజమాని తీర్పు చెప్పేస్తాడు. నిజానికి నిలబడనిది వాళ్లు కాదు, వాళ్లను పంపిన రూటు.

అందుకే ఇందులో మనిషిని వెతకడం ఐదో అంచెలో వస్తుంది. ముందు నాలుగూ పూర్తికాకుండా అక్కడికి దూకకండి.

## 1. ముందు రూటు, తర్వాత మనిషి

మీ బండ్లు తిరిగే లైన్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతి లైనుకూ మూడు ప్రశ్నలు వేయండి. డ్రైవర్ అదే రోజు ఇంటికి చేరగలరా? అన్‌లోడింగ్ ఎన్ని గంటలకు జరుగుతుందో ముందే తెలుస్తుందా? దారిలో ప్రతి రెండు గంటలకు వాడదగ్గ టాయిలెట్ ఉందా? మూడింటికీ అవునని జవాబొచ్చిన లైన్లే మొదటి బ్యాచ్‌కు.

టాయిలెట్ సంగతి ఆఫీసులో కూర్చుని తేల్చేది కాదు. జాతీయ రహదారి మీద బంకులకు లోటు లేదు, గూగుల్ మ్యాప్‌లో అన్నిటికీ టాయిలెట్ ఉన్నట్టే కనిపిస్తుంది. రాత్రి తొమ్మిదికి వెళ్తే తాళం ఉంటుంది. తాళం చెవి మేనేజర్ దగ్గర, మేనేజర్ ఇంటి దగ్గర. కాబట్టి ఆఫీసు నుంచి ఒక మహిళ, ఒక సీనియర్ డ్రైవర్ కలిసి ఆ లైనులో రెండుసార్లు వెళ్లిరావాలి, ఒకసారి పగలు, ఒకసారి రాత్రి. ఆగిన ప్రతిచోటా రాసుకోవాల్సినవి:

- లారీ పట్టేంత పార్కింగ్ ఉందా, లైట్లు వెలుగుతున్నాయా
- మహిళల టాయిలెట్ విడిగా ఉందా, లోపలి గడియ పడుతుందా, నీళ్లు వస్తున్నాయా
- రాత్రి తాళం వేస్తారా, వేస్తే చెవి ఎవరి దగ్గర, వాళ్ల ఫోన్ నంబర్
- పార్కింగ్ నుంచి టాయిలెట్‌కు నడిచే దారిలో చీకటి ఉందా
- భోజనం దొరుకుతుందా, పక్కనే మద్యం షాపు ఉందా

మీరు నెలనెలా డీజిల్ పోయించుకునే బంకు అయితే తాళం చెవి మాట ఖాతా మాట్లాడేటప్పుడే మాట్లాడండి. నెలకు వేల లీటర్లు పోయించుకునే ఖాతాదారు అడిగితే చెవి దానంతటదే బయటికొస్తుంది. ఆయిల్ కంపెనీలు కొన్ని బంకుల్లో డ్రైవర్ల కోసం 'అప్నా ఘర్' పేరుతో విశ్రాంతి గదులు కట్టాయి. అవి మీ లైనులో ఉంటే చూడండి, కానీ మహిళలకు విడి గది, విడి స్నానాల గది ఉన్నాయో లేదో కళ్లతో చూశాకే లిస్టులో రాయండి.

## 2. రిలే: ఇంటికి చేర్చే పద్ధతి

లాంగ్ లైనును కూడా రోజువారీ పనిగా మార్చే పద్ధతి రిలే. ఉదాహరణకు హైదరాబాద్ ఆటోనగర్ నుంచి విజయవాడ ఆటోనగర్‌కు 65వ నంబర్ జాతీయ రహదారి మీద సుమారు 260 కి.మీ. సూర్యాపేట దాదాపు సగం దూరం. దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు.

హైదరాబాద్ డ్రైవర్ ఉదయం 6:30కు లోడుతో బయల్దేరితే 10 గంటల ప్రాంతంలో సూర్యాపేట చేరుతుంది. విజయవాడ డ్రైవర్ కూడా అదే సమయానికి ఎదురు లోడుతో వస్తుంది. ఇద్దరూ బండ్లు మార్చుకుని ఎవరి ఊరికి వాళ్లు వెనక్కి. మధ్యాహ్నం రెండు, రెండున్నరకు ఇద్దరూ తమ యార్డులో ఉంటారు. స్టీరింగ్ మీద గడిపేది ఏడు గంటలు. చట్టం చెప్పే రోజుకు 8 గంటల పరిమితి దాటదు.

సరుకు అదే బండిలో ఉంటుంది, డ్రైవర్ మాత్రమే మారుతుంది. అంచేత సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే ఈ-వే బిల్లులో బండి నంబర్ మార్చే పని లేదు. సరుకును వేరే బండికి మార్చితే మాత్రం ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బీ అప్‌డేట్ చేయాల్సిందే.

రిలేలో తగువులన్నీ మార్చుకునే చోటే పుడతాయి. "ఈ గీత నేను పెట్టలేదు", "నాకిచ్చినప్పుడే డీజిల్ సగం లేదు". దీనికి మందు పది నిమిషాల చెక్‌లిస్ట్:

- బండి నాలుగు వైపులా ఫోటోలు, టైర్ల ఫోటోలు
- కంటైనర్ సీల్ నంబర్ ఫోటో, బిల్టీతో (సరుకు రవాణా రసీదుతో) సరిచూసుకోవడం
- డీజిల్ గేజ్, కిలోమీటర్ రీడింగ్ ఫోటో
- ఆర్సీ, ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు బండిలోనే ఉన్నాయా
- ఫాస్టాగ్ బ్యాలెన్స్
- స్టెప్నీ, జాకీ, వీల్ పానా, రిఫ్లెక్టర్ త్రికోణం

ఈ ఫోటోలన్నీ ఇద్దరూ, రోజూ బండ్లు పంపే ట్రాఫిక్ ఇన్‌ఛార్జీ ఉన్న వాట్సాప్ గ్రూపులో పడ్డాకే బండ్లు కదలాలి.

ఎదురు లోడు ఆలస్యమైతే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోండి. గంట దాకా ఆగాలి. గంట దాటితే ఇన్‌ఛార్జి నిర్ణయించాలి, డ్రైవర్ కాదు. రెండు గంటలు దాటితే బండి ఒప్పందమున్న యార్డులో పెట్టి, డ్రైవర్‌ను కంపెనీ ఖర్చుతో బస్సులో ఇంటికి పంపాలి. ఈ ఖర్చు కలుపుకుని లెక్క గిట్టుబాటు అయితేనే ఆ లైనుకు రిలే పెట్టండి.

## 3. బండి, క్యాబిన్

మొదటి బ్యాచ్‌కు కంటైనర్ బాడీ బండ్లు ఇవ్వండి. ఓపెన్ బాడీలో పట్టా పరచడం, మోకులు బిగించడం, లోడు పైకి ఎక్కడం ఉంటాయి. డ్రైవర్లకు నడుము పట్టేసేది, పడిపోయి కాళ్లు విరిగేది అక్కడే, మగవాళ్లకైనా. ఓపెన్ బాడీ తప్పదంటే పట్టా, మోకుల పని హమాలీలదని లోడింగ్ రేటులోనే చేర్చి మాట్లాడుకోండి.

కొత్తగా కొనేవాళ్లకు ఒక సంగతి: 2025 అక్టోబర్ 1 నుంచి తయారైన ఎన్2, ఎన్3 తరగతి లారీలకు, అంటే 3.5 టన్నులు దాటిన సరుకు బండ్లకు, క్యాబిన్ ఏసీ తప్పనిసరి. ఏసీ ఉంటే అద్దాలు మూసి నడపొచ్చు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కిటికీలోంచి వచ్చే మాటలూ చేతులూ లోపలికి రావు.

ఎత్తు తక్కువైతే లారీ తోలలేరనే మాటలో పస లేదు. ఢిల్లీ ప్రభుత్వం 2022లో మహిళా బస్సు డ్రైవర్లకు కనీస ఎత్తును 159 సెం.మీ. నుంచి 153కు తగ్గించింది. చూడాల్సింది టేపు కాదు, ఆ మనిషి ఆ సీట్లో ఎలా కుదురుకుందో. బండి ఆపి ఇలా చూడండి:

- సీటు పూర్తిగా ముందుకు జరిపి క్లచ్ అడుగంటా తొక్కమనండి. మోకాలు కొంచెం వంగే ఉండాలి. కాలు చాచాల్సొస్తే, పిరుదులు సీటు నుంచి లేస్తే ఆ బండి ఆమెకు సరిపోదు.
- వీపు సీటుకు ఆనించి, చెయ్యి చాచి స్టీరింగ్ పైభాగం మీద పెడితే మణికట్టు దాకా అందాలి.
- రెండు అద్దాల్లో వెనక చక్రాలు కనిపించాలి. ఎడమవైపు కింద ఉండే చిన్న అద్దాన్ని చాలామంది మర్చిపోతారు.
- క్యాబిన్ ఎక్కే మొదటి మెట్టు ఎత్తుగా ఉంటే లోకల్ బాడీ షాపులో కింద ఇంకో మెట్టు వేయించండి.

సీటు చాలలేదని వీపు వెనక దిండు పెట్టుకోవడం అందరూ చేసే పొరపాటు. సడన్ బ్రేక్ వేసినప్పుడు దిండు జారితే క్లచ్ అందదు. సీటు పట్టాలనే ముందుకు జరిపించండి.

వీల్ నట్లు విప్పడానికి గేర్ ఉండే పానా కొనిపెట్టండి. పెద్దగా బలం పెట్టకుండా, చేత్తో తిప్పితేనే బిగుసుకున్న నట్లు వదులుతాయి. అంతకంటే మంచిది ఒక రూలు: చీకటి పడ్డాక రోడ్డు పక్కన ఎవరూ టైరు మార్చకూడదు. లైను పొడుగునా పంక్చర్ మేస్త్రీల నంబర్లు క్యాబిన్‌లో అంటించి, ఆ బిల్లు ప్రశ్నలు వేయకుండా పాస్ చేయండి.

క్యాబిన్‌లో ఎప్పుడూ ఉండాల్సినవి: 20 లీటర్ల నీళ్ల క్యాన్, శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్, మూత ఉన్న చిన్న డబ్బా, ఛార్జింగ్ టార్చి, లోపలి నుంచి వేసుకునే గడియ, బెర్త్‌కు మందపాటి పరదా. క్యాబిన్ కెమెరా ఉంటే దాని చూపు రోడ్డు మీదా డ్రైవింగ్ సీటు మీదా ఉండాలి, బెర్త్ వైపు కాదు. ఇంజిన్ ఆపితే కెమెరా కూడా ఆగిపోయేలా వైరింగ్ చేయించండి.

## 4. లైసెన్స్ లెక్క

ఇక్కడ తొందరపడితే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది.

2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిన దాని ప్రకారం, ఎల్ఎంవీ (కారు లాంటి తేలికపాటి బండ్ల) లైసెన్స్ ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు గ్రాస్ వెయిట్ (బండి, సరుకు కలిపిన మొత్తం బరువు) ఉన్న సరుకు బండిని విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ లేకుండా నడపొచ్చు. టాటా ఏస్, బొలెరో పికప్, చిన్న డీసీఎంలు ఇందులోకి వస్తాయి. డీసీఎం అన్నంతమాత్రాన సరిపోదు, ఆర్సీలో గ్రాస్ వెయిట్ చూడండి.

పెద్ద బండికి వెళ్లే దారి ఇది:

1. వయసు 20 నిండాలి. ఎల్ఎంవీ లైసెన్స్ తీసుకుని కనీసం ఏడాది కావాలి.
2. ఎనిమిదో తరగతి పాసవ్వాలనే నిబంధన 2019లోనే తీసేశారు. ఆర్టీవో ఆఫీసు బయట ఏజెంట్లు ఇప్పటికీ ఆ మాట చెప్పి డబ్బు గుంజుతారు.
3. డాక్టర్ సంతకంతో ఫారం 1-ఏ. కళ్లు ముందే పరీక్ష చేయించండి, అద్దాలు అవసరమైతే ఇప్పుడే తీసుకోవాలి.
4. సారథి పోర్టల్‌లో ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్). 30 రోజుల తర్వాత టెస్టుకు వెళ్లొచ్చు. ఆరు నెలల్లోగా టెస్టు పూర్తవ్వాలి.
5. డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే ఫారం 5. కేంద్రం గుర్తించిన శిక్షణ కేంద్రాల్లో హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో అశోక్ లేలాండ్ నడిపే శిక్షణ సంస్థ లాంటి చోట సిమ్యులేటర్, ట్రాక్ రెండూ దొరుకుతాయి.
6. వచ్చిన ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ గడువు 5 ఏళ్లు.

కాబట్టి ఇవాళ కారు లైసెన్స్ తీసుకున్న అమ్మాయి మీ పద్నాలుగు టైర్ల బండి ఎక్కాలంటే ఏడాదిన్నర పడుతుందనుకోండి. ఆ ఏడాది ఆమెను పికప్ మీద లోకల్ డెలివరీలకు పెట్టి జీతం ఇవ్వండి. ఖాళీగా కూర్చోబెడితే ఎవరూ ఆగరు. లైసెన్స్, కోర్సు ఖర్చు కంపెనీ పెట్టుకుంటే రెండేళ్లు పనిచేయాలని అడగొచ్చు, కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఖాళీ చెక్కులు దగ్గర పెట్టుకోకండి. ఆ కబురు ఊరంతా పాకుతుంది, రెండో బ్యాచ్ రాదు.

పెట్రోలు, గ్యాస్, యాసిడ్ ట్యాంకర్లు మొదటి ఏడాదిన్నర ఇవ్వొద్దు. వాటికి విడి శిక్షణ, విడి ఎండార్స్‌మెంట్ ఉన్నాయి.

## 5. ఎక్కడ వెతకాలి, ఏమని చెప్పాలి

ఉద్యోగ యాప్‌లలో ప్రకటన వేసి ఎదురుచూస్తే వచ్చేది తక్కువ. ఇప్పటికే చక్రం పట్టినవాళ్లున్న చోటికి మీరే వెళ్లండి: మున్సిపాలిటీ చెత్త ఆటోలు నడిపేవాళ్లు, ప్యాసింజర్ ఆటో తోలేవాళ్లు, పొలాల్లో ట్రాక్టర్ నడిపేవాళ్లు, స్కూల్ వ్యాన్ డ్రైవర్లు. వీళ్లకు ట్రాఫిక్ భయం, గేరు భయం ఉండవు. తర్వాత గ్రామాల్లో మహిళా పొదుపు సంఘాల మండల సమాఖ్యలు, పట్టణాల్లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉండే మహిళా సంఘాలు. సమాఖ్య నెలవారీ మీటింగులో అరగంట అడగండి. సాధ్యమైతే బండి అక్కడికే తోలుకెళ్లి అందరినీ ఒకసారి సీట్లో కూర్చోబెట్టండి. కరపత్రం చేయలేనిది ఆ పది నిమిషాలు చేస్తాయి. ఇంకో దారి మీ దగ్గర పనిచేసే డ్రైవర్ల ఇళ్లు. భార్యలు, చెల్లెళ్లు, కూతుళ్లలో స్కూటీ నడిపేవాళ్లుంటారు, లారీ బతుకేమిటో వాళ్లకు చెప్పక్కర్లేదు.

ప్రకటనలో "ఆకర్షణీయ జీతం" అని రాయకండి. ఇలా రాయండి:

"హైదరాబాద్–సూర్యాపేట లైను. ఉదయం 6:30కు వెళ్లి మధ్యాహ్నం 2:30కు యార్డుకు వస్తారు. రాత్రి బస లేదు. కంటైనర్ బండి, లోడింగ్ పని లేదు. స్థిర జీతం ఇంత, ట్రిప్పుకు బత్తా ఇంత, వారానికి ఒక సెలవు. ఈఎస్ఐ, పీఎఫ్ ఉన్నాయి. ఎల్ఎంవీ లైసెన్స్ ఉండి ఏడాది దాటితే హెవీ నేర్పిస్తాం. ఇంటివాళ్లతో వచ్చి బండి, యార్డు చూసుకోవచ్చు."

చివరి వాక్యం ఊరికే రాసింది కాదు. మన దగ్గర ఈ ఉద్యోగానికి సంతకం పెట్టేది ఆమె, ఒప్పుకోవాల్సింది అత్తగారు, భర్త, ఒక్కోసారి తమ్ముడు. వాళ్లను యార్డుకు పిలవండి. ఎక్కడ ఆగుతుంది, ఎవరు ఫోన్ చేస్తారు, బండి చెడిపోతే ఏం చేస్తారు అని అడుగుతారు. జవాబు చెప్పేది మార్కెటింగ్ కుర్రాడు కాదు, రోజూ బండ్లు పంపే ట్రాఫిక్ ఇన్‌ఛార్జి.

ఒక్కరిని తీసుకోకండి. కనీసం ముగ్గురు ఒకేసారి చేరాలి. యార్డులో వందమంది మగవాళ్ల మధ్య ఒక్కతే ఉంటే ఆమె డ్రైవర్ కాదు, తమాషా అయిపోతుంది.

## 6. ఇంటర్వ్యూ, ట్రయల్

పెళ్లి ఎప్పుడు, పిల్లలు ఎప్పుడు, ఇంట్లో వంట ఎవరు చేస్తారు: ఈ ప్రశ్నలు వద్దు. "ఉదయం 6 గంటలకు యార్డులో ఉండాలి, మీ ఇంటి నుంచి ఎలా వస్తారు?" అని అడగండి. తెల్లవారుజామున 5 గంటలకు బస్సు లేని ఊరైతే ఆ సమస్య ఇంటర్వ్యూలోనే తేలాలి. పికప్ వ్యాన్ పెడతారా, షిఫ్టు మారుస్తారా, అప్పుడే చెప్పండి.

లైసెన్స్‌ను పరివాహన్ పోర్టల్‌లో సరిచూసుకోండి. తర్వాత ట్రయల్. మగ డ్రైవర్‌కు ఏ ట్రయల్ ఉంటుందో అదే, ఒక్క మార్కు అటూ ఇటూ వద్దు. సులువు చేస్తే తోటి డ్రైవర్లు ఏడాదంతా ఎత్తిపొడుస్తారు, కష్టం చేస్తే మంచి మనిషిని పోగొట్టుకుంటారు.

## 7. శిక్షణ: యార్డు నుంచి రోడ్డు దాకా

లైసెన్స్ వచ్చినంత మాత్రాన డ్రైవర్ అయిపోరు. ఎనిమిది వారాలు కేటాయించండి.

మొదటి రెండు వారాలు యార్డులోనే. పొద్దున్నే బండి చుట్టూ తిరిగి చూడడం, ఎయిర్ ట్యాంకులో నీళ్లు వదలడం, గేజ్‌లో 7–8 బార్ వచ్చేదాకా బండి కదల్చకపోవడం. చిన్న బండి నుంచి వచ్చినవాళ్లకు ఎయిర్ బ్రేక్ కొత్త. కారులో లాగా గబుక్కున తొక్కుతారు, బండి తల కొట్టుకున్నట్టు ఆగుతుంది. ఖాళీ బండితో మెత్తగా తొక్కి పట్టుకోవడం అలవాటయ్యాకే లోడు వేయండి. ఘాట్ కిందికి దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగను అడ్డగించి వేగం తగ్గించేది), తక్కువ గేరు. న్యూట్రల్‌లో దించితే డీజిల్ మిగులుతుందని చెప్పే సీనియర్ ఒకడు ప్రతి యార్డులో ఉంటాడు, అతన్ని శిక్షణ దరిదాపుల్లోకి రానివ్వకండి.

ఎక్కువ సమయం రివర్స్‌కు ఇవ్వండి. కొత్తవాళ్ల దెబ్బలన్నీ గోడౌన్ డాక్ దగ్గరే తగులుతాయి. బండి వెనక్కి తిరగగానే హమాలీలు, సెక్యూరిటీ, పక్క లారీ క్లీనరు అందరూ మొదలుపెడతారు: "రానీ... రానీ... లెఫ్ట్ కొట్టు... ఆ, రానీ!" డ్రైవర్ సీట్లో ఆడమనిషి కనిపిస్తే ఇంకో నలుగురు ఎక్కువ. గోడ తగిలాక చూస్తే అక్కడ ఒక్కడూ ఉండడు. కాబట్టి నేర్పాల్సింది ఇదీ: ఒక్క మనిషి సైగలే చూడాలి, అతను అద్దంలోంచి మాయమైతే బండి ఆపాలి, అనుమానం వస్తే హ్యాండ్‌బ్రేక్ వేసి దిగి చూసుకోవాలి. ఎన్నిసార్లు దిగినా తప్పు లేదు. ఈ మాట ఆమెకు చెప్పడంతో సరిపోదు, గోడౌన్ సూపర్‌వైజర్‌కు కూడా చెప్పాలి.

మూడు నుంచి ఆరో వారం దాకా ట్రైనర్ పక్కన కూర్చోగా పగటి లైను. ట్రైనర్ ఎంపికలో గట్టిగా ఉండండి:

- పదేళ్ల అనుభవం కంటే ప్రమాదాలు, ఫిర్యాదులు లేకపోవడం ముఖ్యం
- ఒక బండిలో ఇద్దరు ట్రైనీలు, ఒక ట్రైనర్. శిక్షణలో రాత్రి బస వద్దే వద్దు
- ట్రైనర్‌ను మార్చమని అడిగితే కారణం చెప్పమనకుండా ఆ వారమే మార్చాలి
- ట్రైనర్‌కు రోజుకు అదనపు బత్తా. సగం శిక్షణలో, సగం ట్రైనీ ఒంటరిగా నెల నడిపాక

చివరి రెండు వారాలు ఆమె ఒంటరిగా, ట్రైనర్ వెనక బండిలో.

## 8. జీతం, బత్తా

డ్రైవర్లు మానేసేది ఇక్కడే, ఎవరూ పైకి చెప్పకపోయినా. మన లారీ లైనులో స్థిర జీతం తక్కువ, బత్తా ఎక్కువ. దానికి తోడు ట్రిప్ అడ్వాన్స్‌లో మిగిల్చుకునేది ఉంటుంది. లాంగ్ లైను డ్రైవర్ బతికేది ఆ మిగులు మీద. రిలే లైనులో అది ఉండదు. "ఇంటికి చేరుతోంది కదా" అని అదే స్థిర జీతం ఇస్తే ఆమె చేతికి వచ్చేది సగమే. మూడో నెలలో బట్టల షాపులో పనే నయమనిపిస్తుంది.

సరిచేసే పద్ధతి: లాంగ్ లైను డ్రైవర్ నెలకు అన్నీ కలిపి ఇంటికి ఎంత తీసుకెళ్తాడో నిజాయితీగా లెక్కేయండి. గంటల లెక్కన భాగించండి. రిలే డ్రైవర్ స్థిర జీతాన్ని ఆ గంట రేటుతో కట్టండి. లోడు లేక బండి ఆగిన రోజుకూ స్థిర జీతం కోయకూడదు. డబ్బు ఆమె సొంత ఖాతాలోనే పడాలి. "మా ఆయన ఖాతాలో వేయండి" అని ఆమే అన్నా, ఆమె పేరు మీద ఖాతా తెరిపించాకే వేయండి.

ఈఎస్ఐ నెల జీతం 21,000 రూపాయల దాకా వర్తిస్తుంది. 18,000 జీతానికి ఆమె వాటా 0.75 శాతం, అంటే 135 రూపాయలు. మీ వాటా 3.25 శాతం, అంటే 585. బండి ఇన్సూరెన్స్‌లో పెయిడ్ డ్రైవర్ లయబిలిటీ కవర్ (జీతం డ్రైవర్‌కు ప్రమాదం జరిగితే పరిహారం కట్టేది) ఉందో లేదో చూడండి. ఒక్కో డ్రైవర్‌కు ఏడాదికి 50 రూపాయల వ్యవహారం, దీన్ని కూడా వదిలేసి తర్వాత లక్షల్లో కట్టుకున్నవాళ్లున్నారు.

## 9. గేటు, గోడౌన్, రాత్రి ఫోను

కంపెనీ గేటు దగ్గర బండి ఆగుతుంది. సెక్యూరిటీ వచ్చి, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న ఆమెనే అడుగుతాడు: "డ్రైవర్ ఎక్కడమ్మా?" మొదటిసారి నవ్వొస్తుంది. నెలకు నలభైసార్లు అదే ప్రశ్న, ఆపై లైసెన్స్ చూపించు, ఆపై మేనేజర్‌ను పిలుస్తానుండు అంటుంటే పని మీద విరక్తి పుడుతుంది. నివారణ చిన్నదే: ముందురోజు సాయంత్రమే గేటుకు బండి నంబర్, డ్రైవర్ పేరు, ఫోటో పంపండి. కొత్త కస్టమర్ అయితే ఇన్‌ఛార్జి ఒక ఫోన్ చేయాలి.

కస్టమర్‌తో ఒప్పందంలో మూడు వాక్యాలు చేర్చండి: అన్‌లోడింగ్ స్లాట్ టైము, అది దాటితే గంటకు ఇంత వెయిటింగ్ చార్జీ, లోపలి టాయిలెట్ డ్రైవర్లందరికీ తెరిచి ఉండాలి. "డ్రైవర్లకు టాయిలెట్ లేదు, బయట చూసుకోండి" అనే గోడౌన్లు ఇంకా ఉన్నాయి. ఈ వాక్యం మగ డ్రైవర్లకు కూడా దక్కాల్సిందే.

పిలుపు సంగతి కూడా తేల్చుకోండి. మగ డ్రైవర్లను 'అన్నా' అని పిలిచే ఆఫీసులో ఆమెను 'అక్కా' అనడం సహజం. అతన్ని 'మీరు' అని ఆమెను 'ఏమ్మా, నువ్వు' అనడం కాదు.

రాత్రి 7 తర్వాత, ఉదయం 6 లోపు పని ఇవ్వాలంటే ఆమె సమ్మతి ఉండాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ చెప్పేది ఇదే. సమ్మతి కాగితం మీద తీసుకోండి. ఒప్పుకోలేదని ట్రిప్పులు తగ్గించకండి.

రాత్రి బండి కదులుతున్నంతసేపూ ఫోన్ ఎత్తే మనిషి పేరు, నంబర్ క్యాబిన్‌లో రాసి ఉండాలి. 'కంట్రోల్ రూమ్' అని రాస్తే చాలదు. జీపీఎస్‌కు ఎమర్జెన్సీ బటన్ పెట్టించారా? నెలకోసారి చెప్పకుండా నొక్కించి చూడండి. రెండు నిమిషాల్లో తిరిగి ఫోన్ రాకపోతే ఆ బటన్ గోడకు కొట్టిన మేకుతో సమానం. బటన్ పక్కనే అంటించాల్సిన నంబర్లు: 112 పోలీసు అత్యవసరం, 181 మహిళా హెల్ప్‌లైన్, 1033 జాతీయ రహదారి సహాయం, 108 అంబులెన్స్.

## 10. ఫిర్యాదు వచ్చినప్పుడు

పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట, మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ తప్పనిసరి. అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి నుంచి ఒకరు. పదిమంది లోపైతే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లొచ్చని ఆమెకు రాతపూర్వకంగా చెప్పండి. ఘటన జరిగిన 3 నెలల్లోగా ఫిర్యాదు, 90 రోజుల్లో విచారణ.

లారీ పనిలో ప్రత్యేకత ఏమిటంటే ఘటనలు మీ ఆఫీసులో కంటే కస్టమర్ గోడౌన్‌లో, డాబా దగ్గర ఎక్కువ. ఉద్యోగం పని మీద వెళ్లిన ప్రతిచోటూ, యజమాని ఇచ్చిన వాహనంతో సహా, చట్టం దృష్టిలో పనిచేసే చోటే. బయటి మనిషి మీద ఫిర్యాదైనా ఆమెకు పోలీసు కేసు పెట్టడంలో సాయం చేయడం మీ బాధ్యత.

అందరూ చేసే తప్పు: "నీ మంచికే" అని ఆమెను ఆ లైను నుంచి తీసేయడం. బత్తా పోయేది ఆమెకు, అతను హాయిగా ఉంటాడు. మార్చాల్సింది అతన్ని. అతను కస్టమర్ మనిషైతే విచారణ తేలేదాకా ఆ గోడౌన్‌కు ఇన్‌ఛార్జిని తోడు పంపండి, ఆమె లైనూ బత్తా అలాగే ఉంచండి.

## 11. గర్భం, ప్రసవం

"26 వారాలు మేం కూర్చోబెట్టి జీతమివ్వాలా?" అన్నది యజమానుల భయం. ఈఎస్ఐలో ఉన్న ఉద్యోగికి ఆ డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది, మీరు కాదు. ఈఎస్ఐ పరిధి దాటినవాళ్లకే మీ మీద పడుతుంది. ప్రసవానికి ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. ఇద్దరు పిల్లలున్నవాళ్లకు మొత్తం 12 వారాలు.

కడుపుతో ఉన్నప్పుడు క్లచ్ తొక్కుతూ గుంతల రోడ్డు మీద తిరగడం కష్టం. డాక్టర్ వద్దన్న రోజు నుంచి ట్రాఫిక్ డెస్క్ మీద, అదే స్థిర జీతంతో పెట్టండి. లైను తెలిసిన మనిషి డెస్క్ మీద ఉంటే బండ్ల కేటాయింపు ఎంత బాగుపడుతుందో మీకే తెలుస్తుంది. తిరిగి వచ్చాక వారం రోజులు ట్రైనర్‌తో, తర్వాతే ఒంటరిగా.

## 12. తరచూ జరిగేవి, దిద్దుబాట్లు

పాత బండి ఇవ్వడం. "నేర్చుకునేవాళ్లకు కొత్తదెందుకు" అంటారు. పాత బండి దారిలో ఆగిపోయేది ఎక్కువ, ఆమె రోడ్డు మీద ఒంటరిగా నిలబడేదీ ఎక్కువ. మూడేళ్ల లోపు బండి ఇవ్వండి.

మార్చి 8 ఫోటో. దండ వేసి, బ్యానర్ కట్టి, పత్రికలవాళ్లను పిలుస్తారు. ఆ రోజు ట్రిప్ పోతుంది, బత్తా పోతుంది. ఫోటో కావాలంటే ఆమెను అడగండి, బత్తా ఇవ్వండి.

మగ డ్రైవర్ల గొణుగుడు. "మంచి లైన్లన్నీ వాళ్లకే." ఈ మాటలో నిజముంది, కొట్టిపారేయకండి. రిలే లైన్లను మగవాళ్లకూ తెరవండి: వయసు మళ్లినవాళ్లు, షుగరున్నవాళ్లు, పసిపిల్లల తండ్రులు. సంతోషంగా వస్తారు. గొణుగుడూ తగ్గుతుంది.

ఎప్పటికీ చిన్న లైనులోనే ఉంచడం. రెండేళ్లయినా పికప్ మీదే ఉంచితే ఆమె ఇంకో కంపెనీకి వెళ్తుంది. లాంగ్ లైను, పెద్ద బండి, ట్రైనర్ పోస్టు అడిగే హక్కు ఉందని, దానికి ఏం కావాలో చేరిన రోజే చెప్పండి.

## 13. మొదటి 90 రోజులు

30, 60, 90వ రోజున పది నిమిషాలు కూర్చుని మాట్లాడండి. మాట్లాడేది ఆమెకు బండి కేటాయించే ఇన్‌ఛార్జి కాకూడదు. అడగాల్సినవి ఇవే:

- ఈ నెల చేతికి ఎంత వచ్చింది, చేరినప్పుడు చెప్పినంత వచ్చిందా
- ఎన్నిసార్లు చెప్పిన టైముకు ఇంటికి చేరలేదు, ఎక్కడ ఆలస్యమైంది
- లిస్టులో ఉన్న ఏ టాయిలెట్ ఇప్పుడు పనికిరావట్లేదు
- ఏ గేటు దగ్గర, ఏ మనిషితో ఇబ్బంది
- సీటు, క్లచ్, నడుము నొప్పి

విన్నవాటిలో కనీసం ఒకటి వారంలో సరిచేసి, సరైందని ఆమెకు ఫోన్ చేసి చెప్పండి. టాయిలెట్ జాబితాను మూడు నెలలకోసారి మళ్లీ రాయండి. బంకు చేతులు మారితే తాళం కూడా మారుతుంది.